పెట్రోలు పుస్తకంలో లేని కారణం

మా వ్యాగన్‌ఆర్‌కి 2024 నవంబరుతో 15 ఏళ్ళు నిండాయి. ఆర్‌సీ గడువు ముగుస్తోందన్న సంగతి నాకంటే ముందు హైదరాబాదులో ఉన్న మావాడికి గుర్తొచ్చింది. ఓ ఆదివారం పొద్దున్నే ఫోను. "నాన్నా, దాన్ని ఇంక స్క్రాప్‌కి ఇచ్చేయండి. వాళ్ళిచ్చే సర్టిఫికెట్టు చూపిస్తే కొత్త బండికి ట్యాక్సులో కూడా కొంత తగ్గుతుందట."

నాకు ఒళ్ళు మండింది. 96 వేల కిలోమీటర్లు తిరిగిన బండి. సెల్ఫ్ కొడితే ఇప్పటికీ రెండో మాట లేకుండా అందుకుంటుంది. ఇంజను ఆయిలు తాగదు, ఏసీ చల్లగానే వస్తుంది. "నడుస్తున్న బండిని తీసుకెళ్ళి ముక్కలు కొట్టించమంటావేంట్రా?" అన్నాను.

"నేను నడవడం గురించి అనట్లేదు నాన్నా" అన్నాడు. అంతకుమించి పొడిగించలేదు. వాడి అలవాటే అది.

నాకో పిచ్చి ఉంది. 1988లో మొదటి కారు కొన్న రోజు నుంచి పెట్రోలు పోయించిన ప్రతిసారీ పుస్తకంలో రాస్తాను. తేదీ, మీటరు, లీటర్లు, రూపాయలు, చివర్న వెడల్పుగా వదిలిన గడిలో 'ఇతరాలు'. ఫిజిక్స్ లెక్చరరుగా బతికినవాణ్ణి కదా, కొలిచింది రాసుకోకపోతే నిద్రపట్టదు. మూడు లాంగ్ నోటుబుక్కులు నిండాయి, నాలుగోది నడుస్తోంది. లీటరు పది రూపాయల లోపు ఉన్న రోజుల్లో మొదలైన లెక్క ఇప్పుడు 109 దాటింది. మావాడికి అంకెలతోనే జవాబు చెప్దామని అటక మీంచి అన్నీ దింపించాను.

నాలుగు కార్లు. రెండు సెకండ్‌హ్యాండ్, రెండు కొత్తవి. మొత్తం 2 లక్షల 68 వేల కిలోమీటర్లు. భూమి చుట్టూ ఆరున్నర ప్రదక్షిణలకి పైనే. వారం రోజులు కూర్చుని చదివితే తేలిందేమిటంటే, నేను అమ్మిన మూడు కార్లలో ఒక్కటి కూడా పాడైపోయి అమ్మింది కాదు. మూడుసార్లూ ఇంట్లో చెప్పిన కారణం ఒకటి, మనసులో ఉన్నది ఇంకొకటి. అంతవరకూ వింతేమీ లేదు, లోకం తీరే అంత. కానీ కారు మార్చడానికి నిజంగా ఉండాల్సిన కారణం ఒకటుంది. అది నేను చెప్పిన వాటిలో లేదు, దాచుకున్న వాటిలోనూ లేదు. ఇన్నేళ్ళ 'ఇతరాలు' గడిలో దాని ఊసే లేదు.

తడిగుడ్డ

మా ఇళ్ళల్లో కారంటే ముందు మా గుడివాడ మావయ్య అంబాసిడరు. రైసుమిల్లు ఆయనది. ముందు సీటు బెంచీలా ఒకటే పలక, గేరు రాడ్డు స్టీరింగు పక్కన. కాబట్టి డ్రైవరుని మినహాయిస్తే ముందు సీట్లోనే ముగ్గురు పట్టేవారు. ఆ కార్లో ఒకసారి 11 మందిమి తిరుపతి వెళ్ళాం. నేను ముందు సీటు కింద ఎవరి కాళ్ళ దగ్గరో కూర్చుని వెళ్ళాను. ఎంతమంది పడతారన్నదే ఆ రోజుల్లో కారు గురించి అడిగే ప్రశ్న. ఇంకోటి ఎవరికీ తట్టేది కాదు.

నేను కొన్నది ప్రీమియర్ పద్మిని, 1977 మోడల్, 38 వేలు. పేరు పద్మినిగా మారి అప్పటికే పదేళ్ళు దాటినా ఊళ్ళో అందరికీ అది ఫియట్టే. ఎండాకాలం దానికో జబ్బు. మే నెల మధ్యాహ్నం ఓ గంట నడిచాక ఉన్నట్టుండి దగ్గి ఆగిపోయేది. ఇంజను వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు. మందు తేలికే: బోనెట్టు ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టుకింద పావుగంట కూర్చోవాలి. మా ఆవిడ ప్రయాణానికి సర్దే సంచిలో పులిహోర డబ్బా పక్కన ఓ పాత పంచె ముక్క, దానికోసం వేరే నీళ్ళ సీసా ఉండేవి. గుడ్డ అంచు నుంచి చుక్క ఇంజను మీద పడి చుయ్‌మనడం, వేడి పెట్రోలు వాసన, అటు పక్క పొలంలోంచి మమ్మల్ని తీరిగ్గా చూస్తూ నిలబడ్డ కూలీలు, అన్నీ ఇంకా కళ్ళముందే ఉన్నాయి. ఇంటర్ పిల్లలకి మరుగు స్థానం పాఠం చెప్పేటప్పుడు ఏటా నా ఫియట్టే ఉదాహరణ.

దాన్ని 1995లో అమ్మేశాను. "స్పేర్లు దొరకట్లేదు" అని ఇంట్లో చెప్పాను. శుద్ధ అబద్ధం. కంపెనీ ఆ బండి ఇంకా తయారు చేస్తూనే ఉంది. పైగా బెజవాడ ఆటోనగర్ పక్కన పెట్టుకుని స్పేర్లు దొరకట్లేదంటే ఎవరు నమ్ముతారు? మా ఆవిడ నమ్మింది, లేదా నమ్మినట్టు ఊరుకుంది. పుస్తకం చూస్తే అమ్మే ముందు ఏడాది మొత్తం రిపేర్లు 2,140 రూపాయలు. అసలు జరిగింది వేరు. ఓ పెళ్ళి నుంచి బయల్దేరబోతే సెల్ఫ్ అందుకోలేదు. మా బావమరిదీ, మగపెళ్ళివారి కుర్రాళ్ళు నలుగురూ కలిసి కల్యాణమండపం గేటు దాకా తోశారు. చేతులు దులుపుకుంటూ మా బావమరిది అన్నాడు: "బావా, పెళ్ళికొడుకు ఊరేగింపు కంటే నీ ఊరేగింపే బాగా జరిగింది." వాడు అప్పటికే మారుతిలో తిరుగుతున్నాడు. నాలుగు నెలలు తిరిగేసరికి నేనూ మారుతి కొన్నాను.

గేదె

1990 మోడల్ మారుతి 800. 1983లో పదివేలు కట్టి బుక్ చేసుకున్నవాళ్ళ అదృష్టం గురించి కథలు కథలుగా విన్నవాణ్ణి కాబట్టి, ఎవరో అయిదేళ్ళు వాడిన బండైనా నాకు గొప్పగానే ఉండేది. మూడు సిలిండర్లు, 796 సీసీ, లీటరుకి 17 ఇచ్చేది. ఫియట్ క్లచ్ తొక్కీ తొక్కీ కాయకాచిన కాలికి దాని క్లచ్ వెన్నముద్దలా తగిలేది.

1997 సంక్రాంతికి ఏలూరులో మా అత్తగారింటికి బయల్దేరాం. మావాడికి ఆరేళ్ళు. వెనక సీట్లో అక్క పక్కన కూర్చోరా అంటే వినేవాడు కాదు. ముందు రెండు సీట్ల మధ్య నిలబడి, ఒక చెయ్యి నా సీటు మీద, ఒక చెయ్యి వాళ్ళమ్మ సీటు మీద వేసి, ఎదురొచ్చే లారీల మీద రాతలు పైకి చదివేవాడు. అక్షరాలు వచ్చిన కొత్త. మేమూ మురిసిపోయేవాళ్ళం. హనుమాన్ జంక్షన్ దాటాక ఓ గేదె రోడ్డు సగం దాటి, ఆగి, మనసు మార్చుకుని వెనక్కి తిరిగింది. బ్రేకు తొక్కాను. మీటరు ముల్లు అప్పుడు 40 దగ్గర ఉంది. బంపరు దానికి తగిలీ తగలనట్టు తగిలింది. అది కొమ్ములు విసురుకుంటూ పొలంలోకి దిగిపోయింది. మావాడు మాత్రం మా ఇద్దరి మధ్య నుంచి దూసుకెళ్ళి డాష్‌బోర్డుకి కొట్టుకున్నాడు. కుడి కనుబొమ్మ చిట్లింది. ఏలూరులో నాలుగు కుట్లు వేశారు.

"కన్ను పోలేదు, అదే పదివేలు" అన్నారు మా మావగారు. మా అత్తగారు ఎర్రనీళ్ళు దిష్టి తీసి వీధిలో పారబోశారు. గేదె ఎవరిదో కనుక్కున్నారా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. పిల్లాణ్ణి అలా ఎందుకు నిలబెట్టావని నన్ను ఒక్కరూ అడగలేదు. బెల్టు అనే మాట ఆ పండగ మూడు రోజుల్లో ఎవరి నోటా రాలేదు. నా నోటా రాలేదు.

ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. 'ఇతరాలు' గడిలో నా చేతిరాతే: "గేదె. బంపరు టింకరింగ్, పెయింటు 450." కుట్ల సంగతి లేదు. పెట్రోలు పుస్తకం కదా, బండి ఖర్చే రాస్తాం అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ రెండు పేజీల తర్వాత అదే గడిలో "దుర్గమ్మ గుడి, కొబ్బరికాయ 6" అని ఉంది.

బోర్డు మీద లెక్క

ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆ ఏడాదీ, దానికి ముందు 15 ఏళ్ళూ, తర్వాత 18 ఏళ్ళూ నేను క్లాసులో ఒక లెక్క తప్పకుండా చెప్పేవాణ్ణి. వేగాన్ని సెకనుకి ఇన్ని మీటర్లని మార్చి, వర్గం చేసి, 19.6తో భాగిస్తే, అంత వేగం రావాలంటే ఎంత ఎత్తు నుంచి పడాలో వస్తుంది. గంటకి 60 కిలోమీటర్లంటే 14 మీటర్లు. "అంటే బస్సు గోడకి గుద్దుకుంటే నాలుగంతస్తుల మేడ మీంచి పడ్డట్టే" అని సుద్దముక్క బల్ల మీద పడేసేవాణ్ణి. పిల్లలు నోళ్ళు తెరిచేవారు. గంట కొట్టాక ఇంటికెళ్ళి, మా అమ్మాయిని వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో షికారుకి తిప్పినవాణ్ణి నేనే.

40కి లెక్క వేస్తే ఆరు మీటర్ల పైచిలుకు వస్తుంది. రెండంతస్తుల డాబా పిట్టగోడ అనుకోండి. ఆరేళ్ళ పిల్లాణ్ణి ఆ పిట్టగోడ మీద నిలబెట్టి లారీల మీద రాతలు చదివించే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? ఆ రోజు కారు ఒక్కసారిగా ఆగలేదు, బ్రేకు మీద జారుతూ ఆగింది. వాడికీ డాష్‌బోర్డుకీ మధ్య వేగం తేడా అంతగా పెరగకముందే తగిలాడు. అందుకే నాలుగు కుట్లతో పోయింది. గేదె స్థానంలో రోడ్డు మీద ఆగిన లారీ ఉండి ఉంటే లెక్క పూర్తిగా తేలేది.

తెలిసిన లెక్క తలకెందుకు ఎక్కలేదన్నది నాకు ఇంకా కొరుకుడు పడని ప్రశ్న. అందరూ అలాగే తిరిగారు కదా అన్నది ఒక జవాబు. నిజమే గానీ అందరూ ఫిజిక్స్ లెక్చరర్లు కారు. అప్పటి పనులని ఇప్పటి కళ్ళతో చూడకూడదన్నది ఇంకో జవాబు. దీనికీ తల ఊపేవాణ్ణే, ఆ సూత్రం 1982లోనే నా చేతిలో లేకపోతే. ఆ లెక్క నాకు బోర్డు మీద మాత్రమే నిజం, రోడ్డు మీద కాదు. రోడ్డు మీద ఏం జరిగినా నుదుటి రాత.

బందరు కాలవ గట్టు మీద నాతో పొద్దున్నే నడిచే కామర్సు మేస్టారు ఒకాయన ఉన్నారు. ఆయనకి ఇదంతా చెప్పాను. ఆయన నవ్వారు. "మేస్టారూ, కారుకి ముందు మీకు చేతక్ ఉండేది కదా. ముందర అమ్మాయి నిలబడేది, మీ వెనక అమ్మగారు పక్కకి తిరిగి కూర్చునేవారు. అప్పుడు ఎన్ని అంతస్తులండీ?" ఆయన అన్నదాంట్లో తప్పు పట్టలేను. స్కూటరు మీంచి డొక్కు ఫియట్టులోకి మారడమే మాలాంటివాళ్ళకి పెద్ద భద్రత. చుట్టూ ఇనుము ఉంది, వర్షం పడదు, లారీవాడు కాస్త చూసి పోతాడు. అసలు మార్కెట్లో ఏముందని అడుగుతాం? 2014లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు మన దేశంలో బాగా అమ్ముడుపోయే అయిదు చిన్నకార్లని గోడకి గుద్ది చూస్తే, ఎయిర్‌బ్యాగులు లేని ఆ అయిదు మోడళ్ళకీ వచ్చింది సున్నా నక్షత్రాలు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019 జులైలో. అంతకుముందు అది ఖరీదైన మోడళ్ళకి పెట్టే నగ.

ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ అడిగితే లేదనడం వేరు, అసలు అడగకపోవడం వేరు. నాలుగు కార్లు కొన్నాను. నాలుగుసార్లూ బేరానికి ముందు నేనడిగిన మొదటి ప్రశ్న "లీటరుకి ఎంతిస్తుంది?" అన్నదే. రెండో ప్రశ్న "మళ్ళీ అమ్మితే ఎంతొస్తుంది?" మూడోది ఏసీ. నాలుగో ప్రశ్నంటూ ఉన్నట్టు గుర్తులేదు.

మూడో కారు సంగతి తొందరగా ముగిస్తాను. 2000లో కొత్త శాంత్రో, లోను మీద. "నాన్న నడుముకి ఎత్తు సీటు సుఖంగా ఉంటుంది" అని చెప్పాను. డిపార్టుమెంటులో నాకంటే జూనియరు ఏసీ కారులో దిగడం అసలు కారణం. నాన్న ఆ కారు ఎక్కింది మూడుసార్లు. మూడోసారి ఆస్పత్రికి.

రత్నాచల్‌లో వచ్చినవాళ్ళు

2009లో మా అమ్మాయికి విశాఖపట్నం సంబంధం వచ్చింది. శాంత్రో ఎడమ తలుపు మీద సొట్ట ఉంది, బానెట్టు రంగు కొంచెం వెలిసింది. తొమ్మిదేళ్ళ బండి, 83 వేలు తిరిగింది, ఇంజను రాయిలా ఉంది. మగపెళ్ళివారిని స్టేషను నుంచి ఈ సొట్ట కార్లో తీసుకొస్తే ఏమనుకుంటారని రాత్రిళ్ళు ఆలోచించాను. "మైలేజీ పడిపోయింది" అని ఇంట్లో అన్నాను. పుస్తకం ప్రకారం పడిపోలేదు, 13 దగ్గరే ఉంది.

వ్యాగన్‌ఆర్ కొన్నాం. పుస్తకంలో ఆ నెల పేజీకి యాక్సెసరీస్ బిల్లు పిన్ను కొట్టి ఉంది. సీటు కవర్లు, స్పీకర్లతో స్టీరియో, ఫ్లోరు మ్యాటింగు, రిమోటు లాకు, నల్ల సన్‌ఫిల్ము, ముందు బుల్‌బారు. మొత్తం 23,600. అదే షోరూంలో పక్కనే నిలబెట్టిన స్విఫ్టు పై మోడల్‌కి ఎయిర్‌బ్యాగులు ఉండేవి. కుర్రాడు కాగితం ముందు పెట్టాడు కూడా. ధర చూసి, "అన్ని ఖర్చులు మనకెందుకు బాబూ, మెల్లగా తోలేవాళ్ళం" అని పక్కకి తోసేశాను. ఆ తేడా మొత్తం సీటు కవర్ల డబ్బుతో పూడేది కాదు, నిజమే. కానీ స్టీరియో స్పీకర్లు నాలుగా ఆరా అని అరగంట చర్చించిన నోరే, ఎయిర్‌బ్యాగు మాట వచ్చేసరికి ఒక్క వాక్యంలో తేల్చేసింది.

ఆ బిల్లులో సేఫ్టీ పేరు చెప్పి కొన్నది ఒకే ఒకటి: బుల్‌బారు. ఎవరైనా గుద్దితే బండికి దెబ్బ తగలకుండా ఉంటుందట. బండికి తగలదు, నిజమే. ముందు భాగం నలిగి మింగాల్సిన దెబ్బని ఆ ఇనుప గొట్టం నేరుగా ఛాసిస్‌కి, అక్కడి నుంచి లోపల కూర్చున్నవాళ్ళకి అందిస్తుంది. ఎదురుగా సైకిలువాడు ఉంటే వాడి పని అంతే. 2017 చివర్లో ప్రభుత్వం వాటిని తీయించమన్నాక గానీ నేనూ పీకించలేదు. సన్‌ఫిల్ము అంతకుముందే, 2012లో సుప్రీంకోర్టు వద్దన్నాక పోయింది. ఆ 23,600లో ఇవాళ బండి మీద మిగిలింది ఫ్లోరు మ్యాటింగు.

మగపెళ్ళివారు రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో దిగారు. నేను కొత్త కారు తుడిపించుకుని స్టేషను బయట నిలబడ్డాను. వాళ్ళు ఇంకో గేటులోంచి బయటికొచ్చి, అడ్రసు చేతిలో ఉంది కదా అని ఆటో మాట్లాడుకుని నాకంటే ముందే మా ఇంటికి చేరిపోయారు. వెళ్ళేటప్పుడు దింపుతానంటే "మీకెందుకండీ శ్రమ" అని మళ్ళీ ఆటోనే. సంబంధం కుదిరింది. మా వియ్యంకుడు మా కారుని మొదటిసారి చూసింది పెళ్ళిలో, అదీ డిక్కీలోంచి అరటి గెలలు దించుతుంటే.

ఇనుము గట్టిదే

పాత కార్ల ముచ్చట్లు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అంటారు: ఆ రోజుల్లో రేకు ఎంత మందమండీ, అంబాసిడరుకి చెట్టు గుద్దుకుంటే చెట్టే పడేది, ఇప్పటి కార్లు చేత్తో నొక్కితే లొత్త పడతాయి. నేనూ ఈ మాట చాలాసార్లు అన్నాను. ఫిజిక్సు ప్రకారం ఇది పూర్తిగా తలకిందులు. కారు ముందు భాగం ఎంత నలిగితే మనిషి ఆగడానికి అంత ఎక్కువ సమయం దొరుకుతుంది. నలగకపోతే ఆ పని మనిషి పక్కటెముకలు చెయ్యాలి. ఉక్కు డబ్బాలో కోడిగుడ్డు పెట్టి నేలకేసి కొడితే డబ్బాకి ఏమీ కాదు.

అయినా పాత బండి తరఫున నా దగ్గర ఒక గట్టి సాక్ష్యం ఉందనుకున్నాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు, మా మిత్రుడొకాయన ఏడు నెలల కొత్త కారు స్టీరింగు దాకా నీళ్ళలో నాలుగు రోజులు నానింది. లోపలంతా వైర్లు, కంప్యూటర్లు. ఇన్సూరెన్సువాళ్ళు టోటల్ లాస్ అని రాసేశారు. అదే వీధిలో ఓ పాత 800ని ఆటోనగర్ మేస్త్రీ ఇంజను విప్పి, బురద కడిగి, ఆయిలు మార్చి, సీట్లు డాబా మీద ఎండబెట్టి వారంలో తోలుకెళ్ళాడు. ఆ సీట్లు ఎండుతున్న ఫొటో తీసి మావాడికి వాట్సాప్‌లో పెట్టాను. వాడు బొటనవేలి గుర్తు పెట్టి ఊరుకున్నాడు. బండి బతకడం వేరు, బండిలో ఉన్నవాళ్ళు బతకడం వేరు. అది నాకు తట్టడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

పాత బండికి ఎదురు వాదనలో నాకు ఇంకా బలంగా అనిపించేది మరొకటుంది, రోడ్డు మారిపోవడం. ఫియట్ రోజుల్లో ఏలూరు రోడ్డు మీద 60 దాటితే స్టీరింగు వణికేది. రోడ్డు సన్నం, గోతులు, ఎద్దుబళ్ళు. ఆ గోతులే మా ఎయిర్‌బ్యాగులు. ఇప్పుడు అదే దారి నున్నటి హైవే. నా వ్యాగన్‌ఆర్ 80లో పోతుంటే పక్క నుంచి 120లో దూసుకెళ్తుంటారు. బండి 2009లోనే ఉంది, దాని కింద రోడ్డు మాత్రం 2024కి వచ్చేసింది. 80కి నా బోర్డు లెక్క వేస్తే 25 మీటర్లు. ఎనిమిదో అంతస్తు.

ఇన్ని తెలిసీ బండిని స్క్రాపుకి ఇవ్వలేదు. 5 వేలు ఫీజు కట్టి, ఫారం 25 నింపి, ఆర్‌సీ రెన్యువల్‌కి తీసుకెళ్ళాను. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీశారు. లైట్లు, ఇండికేటర్లు, హారను, పొల్యూషన్ కాగితం, ఇన్సూరెన్సు చూశారు. ఇన్‌స్పెక్టరు చుట్టూ ఓసారి తిరిగి, "బాగా మెయింటెయిన్ చేశారు సార్" అన్నాడు. ఛాతీ పొంగింది. ఇంటికొచ్చే దారిలో ఆలోచిస్తే, ఆయన చూసింది ఈ బండి 2009లో ఎలా ఉండేదో అలాగే ఉందా అన్నదే. అలాగే ఉంది. నా గొడవ కూడా అదే కదా. ఢిల్లీలో 15 ఏళ్ళు దాటిన పెట్రోలు బళ్ళని పొగ పేరుతో ఆపమన్నారు. దాని మీద రగడ జరిగినా, కనీసం ఊపిరితిత్తుల మాట ఎత్తారు. ఎముకల మాట ఎత్తే రూలు మాత్రం బండి పుట్టినరోజు దగ్గరే ఆగిపోతుంది.

మొన్నటి సంక్రాంతికి మావాడు కుటుంబంతో వచ్చాడు. మనవరాలికి మూడేళ్ళు. దానికి వాళ్ళ కార్లో వేరే కుర్చీ ఉంటుంది, పట్టీలు బిగించే సీటు. "తాత కారులో ఏలూరు వెళ్దాం" అని పేచీ పెట్టింది. మావాడు ఆ కుర్చీ ఊడదీసి తెచ్చి వ్యాగన్‌ఆర్ వెనక సీట్లో పెట్టి, బెల్టుని ఇటు తిప్పి అటు తిప్పి పావుగంట కుస్తీ పట్టాడు. బెల్టు పొడవు చాల్లేదు. లోపలికి వంగి, చెమటలు కారుతూ, ఎండ మొహం మీద పడుతుంటే కుడి కనుబొమ్మలో వెంట్రుకలు లేని ఆ తెల్లటి గీత కనిపించింది. వాడు లేచి నడుము పట్టుకుని, "నా కార్లో వెళ్దాం నాన్నా" అన్నాడు. సరేనన్నాను.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. వ్యాగన్‌ఆర్ హైవే ఎక్కదు. పిల్లలు అందులో ఎక్కరు. ఏలూరుకైనా గుడివాడకైనా బస్సు. ఊళ్ళో రైతుబజారుకీ, గుడికీ, డాక్టరు దగ్గరికీ మా ఇద్దరికీ అది చాలు. కొత్త ఆర్‌సీ 2029 దాకా ఉంది. అప్పటికి నాకు 72. ఇదంతా నాకు మంచి ఏర్పాటుగానే అనిపించింది. మా ఆవిడకి గర్వంగా చెప్పాను కూడా.

ఆవిడ అప్పుడేమీ అనలేదు. మర్నాడు పటమట రైతుబజారుకి వెళ్దామని కారెక్కి, చేతిసంచీ కాళ్ళ దగ్గర పెట్టి, ఎన్నడూ లేనిది బెల్టు లాక్కుంది. అది సగంలో బిగుసుకుంటే వదిలి మళ్ళీ లాగింది. "పిల్లలు ఎక్కకూడదు, మనం ఎక్కచ్చా?" అంది.

"ఊళ్ళోనే కదా. 20 దాటను" అన్నాను.

"20కి ఎంతండీ మీ లెక్కలో?"

నోటితోనే వేశాను. "మీటరున్నర పైన. నా ఎత్తుకి ఓ బెత్తెడు తక్కువ."

"నా మోకాళ్ళకి మెట్టు దిగడమే గగనం. అంత ఎత్తు నించి పడితే తుంటి ఎముక ఉంటుందా?" అని, బెల్టు టక్కుమనిపించి, అద్దంలోంచి ముందుకి చూస్తూ, "సరే పోనివ్వండి, తోటకూర అయిపోతుంది" అంది.